జుమికి తీగ విషం

మాచర్లలో ఒక డిగ్రీ కాలేజీలో బోటనీ పాఠాలు చెప్పి రిటైరయ్యాను. పాఠాలు చెప్పడం నా ఉద్యోగం. పరిశోధన మాత్రం ఆ ఉద్యోగం మిగిల్చిన సెలవుల్లో, ఆదివారాల్లో చేసుకున్న పని. అదంతా ఒకే ఒక్క తీగ మీద, దాని ఆకు తినే ఒకే ఒక్క పురుగు మీద జరిగింది. ఇప్పుడు ఈ రంగంలోకి వస్తున్న పిల్లలు ఫోన్ చేసి, ఏ జర్నల్‌కి పంపాలి, గైడ్‌తో ఎలా నెగ్గుకు రావాలి అని అడుగుతుంటారు. మొదటిదానికి నా దగ్గర పనికొచ్చే జవాబు లేదు. రెండోదానికి కొంత ఉంది. అదీ, దానితో ముడిపడ్డ మేకల కేసూ ఇక్కడ రాస్తున్నాను.

తీగ, పురుగు, పసుపు కాగితం

జుమికి తీగ మన కంచెల మీద, వాగు గట్ల మీద అల్లుకునే కలుపు తీగ. ఎప్పుడో దక్షిణ అమెరికా నుంచి వచ్చింది. పూవు తెల్లగా ఉంటుంది, లోపల ఊదారంగు వలయం. కాయ చుట్టూ ఆకుపచ్చ నూలుతో అల్లినట్టు ఒక వల ఉంటుంది. ఆ వలతో సహా చెవికి పెట్టుకునే జుమికీలా వేలాడుతుంది కాబట్టి ఆ పేరు. కాయ పండితే పసుపు తిరుగుతుంది. పశువుల వెంట తిరిగే పిల్లలు కోసుకుని తింటారు, ఏమీ కాదు. పచ్చికాయ, లేత ఆకు అలా కాదు. వాటిని నలిపితే సైనైడ్ పుడుతుంది. నలపనంతవరకూ ఆకులో సైనైడ్ ఉండదు. దాన్ని పుట్టించే రెండు పదార్థాలు విడివిడిగా దాగి ఉంటాయి. ఆకును పళ్ళతో నమిలినప్పుడు ఆ రెండూ కలుస్తాయి.

ఈ విషపు ఆకునే ఏరి తినే గొంగళి ఒకటుంది. ఒళ్ళంతా ముళ్ళు. పెరిగి, ఇటుక రంగు రెక్కల మీద నల్లచుక్కలున్న సీతాకోకచిలుక అవుతుంది. నేలకు దగ్గరగా, తొందర లేకుండా ఎగురుతుంది. పక్షులు దాని జోలికి రావు. దాని ఒంట్లో కూడా సైనైడ్ ఇచ్చే పదార్థం ఉంది.

ఇది తెలుసుకోవడానికి మేం వాడింది చాలా చవకైన పద్ధతి. సోడా కలిపిన పిక్రిక్ ఆమ్లంలో ముంచి ఆరబెట్టిన పసుపు కాగితం ముక్కని, నలిపిన ఆకు వేసిన గాజు గొట్టంలో ఆకుకి తగలకుండా వేలాడదీసి మూత బిగించాలి. సైనైడ్ వస్తే కాగితం మెల్లగా నారింజ రంగుకి, తర్వాత ఇటుక ఎరుపుకి తిరుగుతుంది. పెద్ద యూనివర్సిటీల్లో దీనికి ఖరీదైన యంత్రాలున్నాయి. మా కాలేజీలో కాగితమే గతి. అందువల్ల నేను నష్టపోయిందీ ఉంది, నేర్చుకున్నదీ ఉంది.

సీతాపతి గారు

నా గైడ్ సీతాపతి గారు గుంటూరులో ఉండేవారు. గొంతు పెద్దది, ఓపిక చిన్నది. విద్యార్థి రాసిన పేజీని నచ్చకపోతే చింపేవారు కాదు, మడిచి తిరిగి చేతిలో పెట్టేవారు. అది చింపడంకన్నా ఎక్కువ బాధ పెట్టేది.

మొదటి సంవత్సరం నేను గొప్ప విషయం కనిపెట్టాననుకుని ఆయన దగ్గరికి పరిగెత్తాను. జుమికి కాయ చుట్టూ ఉన్న వల మీద జిగురు బొట్లుంటాయి. వాటికి చిన్న చిన్న పురుగులు అంటుకుని చచ్చి ఉండటం చూశాను. ఈ తీగ పురుగుల్ని తింటుందని నాలుగు పేజీలు రాశాను.

ఆయన చదివి, మడిచి ఇచ్చారు.

"పురుగు చిక్కుకుందన్నావు. చూశావా?"

"చూశాను సార్."

"చచ్చిందన్నావు. చూశావా?"

"చూశాను."

"తీగ దాన్ని తిన్నదన్నావు. అదెక్కడ చూశావు?"

మడిచిన పేజీల్ని మళ్ళీ విప్పి చూసుకున్నాను. "చూసింది ఒక పేజీలో రాయి. అనుకుంది ఇంకో పేజీలో రాయి. రెండూ ఒకే పేజీలో రాశావంటే నా గుమ్మం ఎక్కొద్దు" అన్నారు.

మంచి గురువు అంటే ప్రేమగా మాట్లాడేవాడని పిల్లలు అనుకుంటారు. నేనలా అనుకోను. ఆయన నాతో ప్రేమగా మాట్లాడిన సందర్భం గుర్తులేదు. కాకపోతే ఆ ఒక్క సాయంత్రం నేర్పింది నా ఉద్యోగ కాలమంతా సరిపోయింది.

ఆయనకీ ఒక మొండితనం ఉండేది. గొంగళి ఒంట్లో విషం ఆకు నుంచే వస్తుంది, తిన్న ఆకులోని విషాన్ని దాచుకుని పురుగు బతుకుతుంది అని పాఠాల్లో, సభల్లో చెప్పేవారు. ఎవరైనా అడ్డు ప్రశ్న వేస్తే నవ్వేసేవారు. నేనూ ప్రశ్నించలేదు. విషపు ఆకు తిన్న పురుగులో విషం ఉండటంలో వింతేముంది?

నాగమ్మ మేకలు

నా పని ఎక్కువగా దుర్గి దగ్గర ఒక ఊరి వాగు గట్టు మీద జరిగేది. గట్టు పొడవునా జుమికి తీగ కమ్ముకుని ఉండేది. ఏ ఆకు మీద ఎన్ని గుడ్లు, ఏ నెలలో ఆకు ఎంత విషంగా ఉంటుంది అని అక్కడే చూసుకునేదాన్ని. గట్టు పక్కన కోటయ్య అనే రైతు మిరప తోట. ఆ ఊళ్ళోనే నాగమ్మ అనే ఆమెకి మేకల మంద ఉండేది. భర్త పోయాక ఆ మందతోనే ఇద్దరు ఆడపిల్లల్ని చదివిస్తోంది. కోటయ్య ఆమెను అక్కా అని పిలిచేవాడు. మేకలు తోటలో పడ్డ రోజు మాత్రం ఆ పిలుపు ఉండేది కాదు.

వానలు లేని ఒక ఏడాది వేసవిలో మేకలు మళ్ళీ తోటలో పడ్డాయి. కోటయ్య కర్ర తీసుకుని వెంటబడ్డాడు. ఊరు ఊరంతా వినేటట్టు, "ఇంకోసారి వచ్చినయ్యా, ఒక్కటి కూడా ఇంటికి రాదు, చూస్కో" అని అరిచాడు. మర్నాడు మధ్యాహ్నానికి మందలో సగానికి పైగా మేకలు కాళ్ళు కొట్టుకుంటూ పడిపోయి చచ్చాయి.

దుర్గి పశువుల డాక్టరు రహీం గారు నాకు ఫోన్ చేశారు. వాగు గట్టు మీద నన్ను చాలాసార్లు చూసిన మనిషి. "మేడం, మీ పసుపు కాగితాలు తీసుకుని రాగలరా? కోసి చూశాను. నెత్తురు మరీ ఎర్రగా ఉంది. పురుగుమందు తాగితే ఇట్లా ఉండదు. నాకు వేరే అనుమానంగా ఉంది" అన్నారు.

నేను వెళ్ళేసరికి నాగమ్మ చచ్చిన మేకల మధ్య కూర్చుని ఉంది. ఏడవటం లేదు. ఒక్కో మేకనూ పేరు పెట్టి పిలుస్తోంది. కోటయ్యను పోలీసులు స్టేషన్‌కి తీసుకెళ్ళారని చెప్పారు. మేకల కడుపులో ఉన్న మేతను గొట్టంలో వేసి కాగితం వేలాడదీశాను. కాసేపట్లో ఇటుక ఎరుపుకి తిరిగింది.

"సైనైడేనా మేడం?" అన్నారు రహీం గారు.

"అవును."

నిజానికి ఆ ఒక్క మాట నేను అక్కడ అనకుండా ఉండాల్సింది అని చాలామంది తర్వాత అన్నారు. నేనలా అనుకోను. అడిగారు, కాగితం చూపించింది చెప్పాను. కానీ ఆ మాట ఎక్కడెక్కడికి పోతుందో నాకు ఊహ లేదు.

మాట ఊరి మీద పడితే

గంట తిరగకముందే ఆ మాట ఊరంతా పాకింది. కోటయ్య కంసాలి దగ్గర సైనైడ్ తెచ్చాడన్నారు. తవుడులో కలిపి పెట్టాడన్నారు. తవుడు బకెట్ కళ్ళారా చూశామన్నవాళ్ళు కూడా తయారయ్యారు. మర్నాడు నేను స్టేషన్‌కి వెళ్తే ఎస్సై గారు కుర్చీ వేయించి, "మీరు చెప్పాక కేసు బలమైపోయింది మేడం. మామూలు మందైతే పొరపాటున తిన్నయ్ అనొచ్చు. సైనైడ్ అంటే కావాలని చేసిన పనే గదా" అన్నారు.

కోటయ్య బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. చొక్కా గుండీలు రెండు ఊడిపోయి ఉన్నాయి. నన్ను చూసి లేచాడు.

"ఏందమ్మా ఇది? సైనైడంటే ఎట్టుంటదో కూడా నాకు తెలవదు. నోటికొచ్చినట్టు అరిచా, నిజమే. అరిచినోడల్లా చంపుతాడా? నువ్వన్నా చెప్పమ్మా."

అతను చంపలేదని నాకూ తెలియదు. నాకు తెలిసింది ఆ మేత సైనైడ్ ఇచ్చిందన్నంత వరకే. అది డబ్బాలో నుంచి వచ్చిందా, ఆకులో నుంచి వచ్చిందా కాగితం చెప్పదు. అదే మాట ఎస్సై గారితో అన్నాను.

"ఆకులో నుంచి సైనైడా?" అని ఆయన నవ్వారు.

"ఒక్కరోజు గడువివ్వండి. కేసు రాయకుండా ఆపండి."

"ఇతన్ని ఇక్కడే ఉంచితే ఇతనికీ మంచిదే మేడం. ఊళ్ళోకి పంపితే కొట్టేటట్టున్నారు" అన్నారు.

కాలేజీకి పోయి, మేకల కడుపు నుంచి తెచ్చిన మేతను జల్లెడలో కడిగాను. ఆ వాసన చెప్పడానికి వీల్లేదు. మా అటెండరు గది బయటికి వెళ్ళిపోయాడు. నమిలిన ఆకు ముక్కల్ని ఒక్కొక్కటి మైక్రోస్కోప్ కింద పెట్టి చూశాను. జుమికి తీగ ఆకు మీద, కాయ వల మీద ఒక రకం నూగు ఉంటుంది. ఒక్కో నూగు చివర గుండ్రటి తల, అందులో జిగురు. మా ప్రాంతంలో మేకలు తినే ఏ ఇతర ఆకు మీదా అలాంటిది నేను చూడలేదు. ఆ ముక్కల్లో ఎక్కువ భాగం మీద అవే తలలు కనిపించాయి. పక్కన తాజా జుమికి ఆకు పెట్టి పోల్చాను. మేతలో వెతికినంత వరకూ తవుడు కనపడలేదు.

ఆ ముక్కల్ని, మైక్రోస్కోప్‌ని కారులో పెట్టుకుని స్టేషన్‌కి తీసుకుపోయాను. ఎస్సై గారు కన్ను పెట్టి చూశారు. రహీం గారు చూశారు. తర్వాత మేం ముగ్గురం నాగమ్మ ఇంటికి వెళ్ళాం.

"ఆ రోజు మేకల్ని ఎక్కడ మేపావమ్మా?" అని రహీం గారు అడిగారు.

"ఎక్కడ మేపాలయ్యా, ఎక్కడా గడ్డిపోచ లేదు. ఆయన తరిమినాక ముందు రోజంతా పస్తే. తెల్లారినాక వాగు గట్టు మీదికి తోలా. అక్కడ ఆ తీగొక్కటే పచ్చగుంది. అప్పుడప్పుడు అట్టా నోరు పెడతానే ఉంటయ్యి, ఏమీ కాలా ఎప్పుడూ."

అంతవరకు చెప్పి ఆగింది. మా మొహాలు చూసింది.

"ఏంది, ఆ తీగేనా?"

నేను తలూపాను. ఖాళీ కడుపుతో, ఒక్కసారిగా ఎక్కువ తినడం వల్ల అని వివరించాను. ఆమె వివరణ వినలేదు.

"అంటే నేనే తోలుకపోయి చంపుకున్నానా?"

ఆ ప్రశ్నకి ఏ పరికరమూ జవాబు చెప్పదు. రహీం గారే అన్నారు: "కరువు చంపింది తల్లీ. నీకు తెలియదు, నాకూ తెలియదు."

కోటయ్యను ఆ సాయంత్రమే వదిలేశారు. తర్వాత కొన్నాళ్ళకి పోలీసులు పంపిన పరీక్షల్లోనూ పురుగుమందు కనపడలేదని ఎస్సై గారు చెప్పారు. కోటయ్య నా దగ్గరికి వచ్చి తాను నిర్దోషినని కాగితం రాసిమ్మన్నాడు. అలా రాయలేనని, మేకలు ఏ ఆకు తిన్నాయో మాత్రం రాసిస్తానని చెప్పాను. అతనికి కోపం వచ్చింది. అయినా నేను రాయగలిగింది అంతే. ఈ వృత్తిలో మనిషిని కాపాడాలనిపించిన రోజున కూడా చూసినదానికి ఒక్క వాక్యం ఎక్కువ రాయకూడదు. అలా రాస్తే, రేపు ఇంకొకరిని కాపాడాల్సినప్పుడు మన మాటకి విలువుండదు.

కాలిన గట్టు

ఆ తర్వాత వానలు పడ్డాయి. కాలేజీ పరీక్షల పని ముగించుకుని గట్టు మీదికి వెళ్ళాను. గట్టు నల్లగా ఉంది. ఒక్క తీగ లేదు. వేర్లతో సహా పీకి, మిగిలినదాని మీద కలుపుమందు కొట్టి, ఎండాక తగలబెట్టారు. ఎన్నో ఏళ్ళుగా నేను చూస్తూ వచ్చిన చోటు అది.

కోటయ్య తోటలోంచి నన్ను చూసి వచ్చాడు. కోపం పోయినట్టుంది. "చూశారా మేడంగారూ, మొత్తం లేపేశాం. మా అక్క కూడా మాతో పాటు రెండ్రోజులు పీకింది. ఇంక ఒక్క మేక చావదు" అన్నాడు గర్వంగా.

వెనకాలే నాగమ్మ వచ్చింది. ఇద్దరూ మళ్ళీ అక్కా తమ్ముళ్ళ వరసలో ఉన్నారు. వాళ్ళను కలిపింది నా తీగను పీకే పని. నా మొహంలో ఏదో కనపడిందేమో, నాగమ్మ అడిగింది.

"నీ పురుగులకి మేత లేకుండా పోయిందా అమ్మా?"

"పోయింది."

"మరి చెప్పొద్దా ముందు? ఓ మూల ఉంచేవోళ్ళం గదా."

నిజమే, నేను చెప్పలేదు. ఆకు విషమని చెప్పి వచ్చేశాను. అది విన్నవాళ్ళు ఏం చేస్తారో ఆలోచించాల్సింది నేను కాదనుకున్నాను. అక్కడ నుంచుని నేను బాధపడ్డాను, కానీ వాళ్ళ మీద కోపం రాలేదు. సగం మంద పోగొట్టుకున్న మనిషికి, స్టేషన్‌లో కూర్చుని వచ్చిన మనిషికి సీతాకోకచిలుకల గురించి చెప్పే మాటలు నా దగ్గర లేవు.

తిరిగి వస్తుంటే ఒక విషయం కంటపడింది. తీగ లేని ఆ గట్టు కింద గడ్డిలో ఇటుక రంగు సీతాకోకచిలుకలు ఎగురుతూనే ఉన్నాయి. ఒకటి నేలకు ఆనుకున్నట్టుండే ఒక చిన్న మొక్క మీద వాలి, పొట్ట వంచి గుడ్లు పెట్టింది. గులాబీ రంగు పూరేకు ఒక్కటే పెద్దగా ఉండే మొక్క అది. రత్నపురుష అంటారు, ఆకుమందులవాళ్ళు ఏరుకుపోతుంటారు. జుమికి తీగ ఈ దేశానికి రాకముందు ఈ సీతాకోకచిలుకలు దీని మీదే బతికేవేమో. ఇది నేను అనుకున్నది, చూసింది కాదు.

చూసింది ఇది: ఆ ఆకుని నలిపి పరీక్షిస్తే కాగితం పసుపుగానే ఉండిపోయింది. ఆ గుడ్ల నుంచి పుట్టి, ఆ ఆకు మాత్రమే తిని పెరిగిన గొంగళిని పరీక్షిస్తే కాగితం ఎర్రబడింది.

ఆకులో విషం లేదు. పురుగులో ఉంది. అంటే పురుగే తయారు చేసుకుంటోంది. సీతాపతి గారు జీవితమంతా చెప్పినది తప్పు.

రెండో తరం

అప్పటికి ఆయన రిటైరై చాలా కాలమైంది. నాకు రిటైర్మెంట్ దగ్గరపడింది. ఆయనకి చెప్పకుండా జర్నల్‌కి పంపమని స్నేహితులు సలహా ఇచ్చారు. నేను గుంటూరు బస్సెక్కాను.

కాగితం ముక్కలు రెండూ బల్ల మీద పెట్టాను. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూశారు. నేను కేకలకి సిద్ధపడే వెళ్ళాను.

"ఈ గొంగళి గుడ్డు పెట్టిన తల్లి ఏ ఆకు తిని పెరిగింది?" అన్నారు చివరికి.

"తెలియదు సార్. బయట ఎగురుతున్నది."

"ఎక్కడో జుమికి తీగ మీద పెరిగి ఉంటే? ఆ విషాన్ని గుడ్డులో పెట్టి బిడ్డకి పంపి ఉంటే?"

నేను ఆలోచించని విషయం అది. తన సిద్ధాంతాన్ని కాపాడుకోవడానికి అన్నారా, నిజంగా అన్నారా అని ఆ క్షణంలో అనుమానం కూడా వచ్చింది. కానీ ఎందుకు అడిగారన్నది ముఖ్యం కాదు. ప్రశ్న సరైనది. ఎదుటివాడు మొండితనంతో అడిగినా సరే, ప్రశ్న సరైనదైతే జవాబు వెతకాల్సిందే.

"ఈ ఆకు మీద పెరిగిన వాటికి పుట్టిన పిల్లల్ని మళ్ళీ ఇదే ఆకు మీద పెంచు. అప్పుడు రా."

వినడానికి తేలిక. మొదటి ప్రయత్నంలో సీతాకోకచిలుకలు వల గుడారంలో జత కట్టలేదు. రెండోసారి గొంగళ్ళకి రోగం తగిలి అన్నీ నల్లబడి చచ్చాయి. ఈలోగా నా ఉద్యోగం అయిపోయింది. శాలువా కప్పారు, ఫొటో తీశారు, నేను గుడారం ఇంటికి తెచ్చుకున్నాను. మిద్దె మీద కుండీల్లో రత్నపురుష పెంచాను. నా తర్వాత ఆ ఉద్యోగంలోకి వచ్చిన శైలజ అనే అమ్మాయి, "ల్యాబ్ ఎప్పుడు కావాలన్నా రండి మేడం, అడగాల్సిన పనేంది" అంది. ఆ మాట అనకపోయి ఉంటే ఈ పని ఇక్కడితో ఆగిపోయేది.

మూడో ప్రయత్నంలో రెండో తరం గొంగళ్ళు ఎదిగాయి. వాటిని ల్యాబ్‌కి తీసుకెళ్ళాను. ఎన్నో వందలసార్లు చేసిన పరీక్షే, అయినా గొట్టానికి మూత సరిగా బిగిసిందో లేదో రెండోసారి చూసుకున్నాను. శైలజ, నేను ఎదురెదురుగా కూర్చున్నాం. పసుపు కాగితం అంచున ముందు నారింజ రంగు వచ్చింది. నేను కుర్చీలోంచి కదలలేదు. మొత్తం తిరిగాక సీతాపతి గారికి ఫోన్ చేశాను.

"ఎర్రబడింది సార్."

"నారింజా, ఎరుపా?"

"ఇటుక ఎరుపు."

"ఆకు?"

"పసుపే. ఈ రోజు కూడా చూశాను."

అవతల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినిపించింది.

"అయితే నేను ఇన్నేళ్ళూ పిల్లలందరికీ తప్పు చెప్పానమ్మాయ్."

"వాళ్ళలో నేనూ ఒకదాన్ని సార్."

"అందుకే ఈ ఫోన్ చేసే పని నీకు పడింది" అన్నారు. గొంతులో బాధ ఉందో, నవ్వు ఉందో చెప్పలేను. "రాయి. నా పేరు మాత్రం పెట్టొద్దు."

"కోపమా సార్?"

"కోపం కాదు. నా పేరు కూడా ఉంటే, ముసలాయన మనసు మార్చుకున్నాడంటారు. నీ పేరొక్కటే ఉండాలి. ఫలానా ఆయన చెప్పింది తప్పు అని మొదటి వాక్యంలోనే రాయి. మెత్తగా రాశావంటే మడిచి పంపిస్తా."

ఆ రోజు సాయంత్రమే మొదటి వాక్యం రాశాను. ఆయన చెప్పినట్టే, మెత్తగా లేకుండా.